తాండూరు కందుల బస్తా మీద నిండు అక్షరం

మా బెజవాడలో మనిషి ఊరెళ్ళి వస్తే అరుగు మీద కూర్చున్నవాళ్ళు ముందు అడిగేది, "ఏం తెచ్చావోయ్?" అని. తాండూరు నుంచి నేను కందిపప్పు తెచ్చాను. దాని సంగతి మా ఇంట్లో తేలిపోయింది, రెండు పూటలు ముద్దపప్పు చేసుకుని "మన పప్పూ ఒక పప్పేనా" అనేశారు. మిగిలిన సంగతి మాత్రం ఎవరికి చెప్పినా సగంలో లేచి వెళ్ళిపోతున్నారు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. కాగితం లేచి వెళ్ళదు కదా.

నా పని అక్షరాలు గీయడం. గోడపత్రికలకు వాడే పెద్ద పెద్ద చెక్క అక్షరాలు చేసే కార్ఖానాలో ఉంటాను. తెలుగు అక్షరం అంటే ఒక పక్క లావు, ఒక పక్క సన్నం, చివర చిన్న ఒంపు. అది కలం నడక. నాకెందుకో ఆ నడక మీద విసుగు పుట్టింది. వృత్తలేఖిని, బద్ద ముందు పెట్టుకుని, గీత ఎక్కడ చూసినా ఒకటే లావు ఉండేలా, గుండ్రం అంటే నిజంగా గుండ్రమే అయ్యేలా కొత్త వరస ఒకటి గీశాను. సున్నాలు, సున్నా ముక్కలు, నాలుగు అడ్డగీతలు, అంతే. దానికి నిండు అక్షరం అని పేరు కూడా పెట్టుకున్నాను.

మా యజమాని చూసి, "ఇవి అక్షరాలా, గారెలా?" అన్నాడు.

నాకు ముక్కు మీద కోపం. రెండు రోజులు మాట్లాడలేదు. మూడోనాడు ఆయనే పిలిచి, "రాష్ట్రం ఒకటయ్యాక హైదరాబాదు వైపు తెలుగు అచ్చుపని పెరుగుతోందట. వికారాబాదులో, తాండూరులో చిన్న అచ్చాఫీసులున్నాయి. మచ్చుకి చేసిన అక్షరాలు పెట్టెలో పెట్టుకుని వెళ్ళు. ఒక్కడు కావాలన్నా వరసంతా చెక్కిద్దాం. ఎవడూ వద్దంటే ఆ చెక్కలు చిత్రిక పట్టించి పాత అక్షరాలే చెక్కిస్తాను" అన్నాడు.

చిత్రిక అన్న మాట వినగానే నా ఒంటి మీద తోలు లేచినట్టయింది.

వికారాబాదు

మాఘమాసం. రైలు దిగేసరికి ఊరు లేదు. తెల్లటి మంచు, దానిలో అక్కడక్కడ ఎర్రటి నేల. మా కృష్ణ ఒడ్డున నేల నల్లగా ఉంటుంది, చెప్పుకి అంటుకుంటుంది. ఇక్కడి మట్టి కుంకుమలాగా ఎగిరి పంచె అంచుకి పట్టింది. ఆ మరక ఇప్పటికీ పోలేదు, మా చాకలి నన్నే తిడుతున్నాడు.

స్టేషను బయట టీ తాగి అణా ఇచ్చాను. టీ అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, "అణా గాదు సారూ, కొత్త పైసలియ్యి, ఆరు" అన్నాడు. కొత్త పైసలు నా దగ్గర ఐదే ఉన్నాయి. "గట్లయితే అణానే ఇయ్యి. నీ అణా నాకొద్దు, నా ఫికరు నీకొద్దు" అని నవ్వి, కప్పులో ఇంకాస్త పోశాడు. ఆ లెక్క ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. టీ మాత్రం చిక్కగా ఉంది, మీగడ పెదవికి తగిలింది.

అచ్చాఫీసు యజమాని జలీల్ సాబ్. మెత్తని గడ్డం, కళ్ళకు సుర్మా, మాటలో తెలుగూ ఉర్దూ పాలూ నీళ్ళలా కలిసిపోయి ఉంటాయి. పెళ్ళి పత్రికలు, డేరా సినిమా కాగితాలు, కొండ మీద క్షయ ఆసుపత్రికి నోటీసులు అచ్చు వేస్తాడు. నా పెట్టె తెరిచి ఒక చెక్క తీసి, కళ్ళతో కాకుండా బొటనవేలితో చూశాడు.

"మస్తు నున్నగుంది సాబ్. గని ఇండ్ల కలం ఏది? మా ఉర్దూ చేతిరాతల, ఖత్‌ల, కలం ఊపిరి దీస్తది. లావు, సన్నం, లావు, సన్నం. మీ అక్షరం ఊపిరి బిగవట్టి కూసున్నది."

"ఊపిరి సంగతి తరవాత. అచ్చు వేసి చూడండి" అన్నాను. నా గొంతు కొంచెం లేచింది.

వేశాడు. కాగితం ఎత్తి చూపించాడు. ర మధ్యలో ఖాళీ సగం నల్లబడింది. మ ఎడమన ఉండే చిన్న కన్ను మొత్తం సిరాతో పూడిపోయింది. గీత అంత లావయ్యేసరికి లోపలి ఖాళీకి చోటు లేదు. బెజవాడలో నున్నటి కాగితం మీద, మంచి సిరాతో బాగానే వచ్చింది. ఇక్కడి గరుకు కాగితం సిరాని ఎడాపెడా తాగేసింది.

"కండ్లు మూసుకున్నయి" అన్నాడు జలీల్ సాబ్, ఏదో పసిపిల్ల నిద్రపోయిందని చెప్పినంత నెమ్మదిగా. "పరేషాన్ గాకుండ్రి. ఒక కాగితం నేనుంచుకుంట. కొనుడు మాత్రం ఇప్పుడు గాదు." ఇంకో కాగితం నా పెట్టెలో చెక్కల మీద పరిచి, తనే మూత వేశాడు.

కొండ మీద

మధ్యాహ్నం ఆయన ఆసుపత్రికి నోటీసులు ఇవ్వడానికి అనంతగిరి మీదికి వెళ్తూ నన్నూ జట్కా ఎక్కించాడు. దారికి రెండు వైపులా సీతాఫలం పొదలు. ఎండ ఉన్నా లేనట్టు ఉంది. గుర్రం కూడా నిద్రలో నడిచినట్టే నడిచింది. గాలికి మందు వాసన, ఆకు వాసన కలిసి వచ్చాయి.

వరండాలో మంచాలు వరసగా వేసి ఉన్నాయి. ఈ గాలే మందు అని రోగుల్ని పగలంతా ఆరుబయట పడుకోబెడతారు. ఒకాయన, బడిపంతులట, ఎదురు గోడ మీది నోటీసు చూస్తూ పడుకున్నాడు. ఉమ్మి వేయరాదు అని సన్నటి అక్షరాలు.

"ఇది ఆరు నెలల నుంచి చదువుతున్న సారూ. ఇంకేమన్న రాయుండ్రి అంటే రాయరు" అన్నాడు.

నా దగ్గరున్న ర చెక్క తీసి చేతికిచ్చాను. గుండెల మీద పెట్టుకుని, గుండ్రం చుట్టూ వేలితో చాలాసేపు తిప్పాడు. "గిది బాగున్నది. ఎటు పొయ్యినా మల్ల మొదటికే వస్తది" అన్నాడు. వేలు తిప్పుతూనే కళ్ళు మూశాడు. నిద్రపోయాడేమోనని నేను కదల్లేదు. కింద లోయలో మంచు మళ్ళీ పట్టడం మొదలైంది, చెట్ల తలలు ఒక్కొక్కటే కనపడకుండా పోతున్నాయి. నర్సమ్మ వచ్చి ఆయన చేతిలోంచి చెక్క మెల్లిగా తీసి నాకిచ్చేదాకా అలాగే నిలబడ్డాను. అక్కడ ఉన్నంతసేపూ నాకు బెజవాడ గానీ, చిత్రిక గానీ గుర్తు రాలేదు.

ధారూరు

మర్నాడు పొద్దున తాండూరు ప్యాసింజరు ఎక్కాను. పెట్టె బల్ల కింద పెట్టాను. ఎదురుగా ముదురాకుపచ్చ చీర కట్టుకున్న ఒకావిడ, నుదుట విభూతి రేఖలు, మెడలో లింగం కాయ, ఒళ్ళో కందుల మూట. ముప్పయ్యేళ్ళుంటాయి. నా వైపు చూడలేదు, పెట్టె వైపు మాత్రం రెండుసార్లు చూసింది.

ధారూరులో బండి ఆగింది. ప్లాట్‌ఫారం చివర మంచులో టీ పొయ్యి ఎర్రగా కనిపించింది. కాసేపు ఆగుతుందిలే అనుకుని దిగాను. మా వైపు ప్యాసింజరు ఆగితే డ్రైవరు కూడా దిగి కబుర్లు చెబుతాడు. ఇక్కడ కప్పు నోటి దగ్గర పెట్టుకునేలోపే కూత వేసింది. పరిగెత్తాను. పంచె అడ్డం పడింది. బండి తోక మంచులోకి వెళ్ళి, మంచే మిగిలింది.

బల్ల కింద పెట్టిన నా పెట్టె బండితోనే పోయింది. ఏళ్ళ తరబడి గీసినవన్నీ ఆ పెట్టెలో ఉన్నాయి.

స్టేషను మాస్టరు మంచివాడు. తాండూరుకి తంతి కొట్టించాడు. కాసేపటికి జవాబు వచ్చింది. చదివి ఆయనే నవ్వాడు. "నీ పెట్టె క్షేమంగ ఉన్నది. గని స్టేషనోళ్ళకు ఇయ్యనన్నదట. పెట్టెగల్లాయన వస్తెనే ఇస్త, తాళంచెవి గుర్తు దుకానం పక్క దుకానంకు రమ్మనుండ్రి అన్నదట ఓ ఆడామె."

ప్రాణం లేచొచ్చింది. తరవాతి బండి మధ్యాహ్నానికి గానీ లేదు. స్టేషను పక్క గుడిసెలో ఒక ముసలమ్మ జొన్నరొట్టెలు చేస్తుంటే ఆ పొయ్యి దగ్గరే కూలబడ్డాను. చేత్తో తడుతుంటే రొట్టె ఎక్కడా లావు సన్నం లేకుండా గుండ్రంగా విచ్చుకుంటోంది. పైన పుంటికూర పెట్టింది. తీరా నోట్లో పెట్టుకుంటే మా గోంగూరే. "ఇది మా ఊరిది" అన్నాను. "మీ ఊరిదెట్లయితది కొడుకా, గిది నా పెరట్లది" అంది. ఇంకో రొట్టె వేయించుకున్నాను.

తిని, స్టేషను బల్ల మీద వాలి, ఊరి పేరున్న పలకను చూస్తూ పడుకున్నాను. దాని మీది తెలుగు అక్షరాలు సన్నగా, వానకు వెలిసిపోయి ఉన్నాయి. వాటి చోట నా అక్షరాలు పెట్టి చూశాను. పెట్టినవల్లా కళ్ళు మూసుకుంటున్నాయి. కోత అయిపోయిన కందిచేలు ఎండలో పసుప్పచ్చగా, ఎంతదూరమంటే అంతదూరం పడి ఉన్నాయి. ఎక్కడో ఎద్దు మెడలో గంట మోగి ఆగిపోయింది. నిద్రలోనే బండి ఎక్కినట్టు గుర్తు, టికెట్టు ఎవరు చూశారో తెలియదు.

తాండూరు

తాండూరు వీధుల్లో నడుస్తుంటే చెప్పుల చప్పుడు మారిపోయింది. కింద బండ, గోడకి బండ, అరుగుకి బండ, పైకప్పుకీ బండే. నీలం రంగువి, పసుపు రంగువి. సాయంత్రపు ఎండ పడి ఊరంతా నీళ్ళలో ఉన్నట్టు కనిపించింది. తెలుగు వెనకే ఉర్దూ, దాని వెనకే కన్నడం వినపడుతూ ఉంటాయి. ఏ అంగడి మీదా పేరు లేదు, బొమ్మలే. తేలు, చందమామ, త్రాసు, నాగలి. కందుల బస్తా మీదా అదే బొమ్మ ముద్ర. హమాలీలకు చదువు రాదు కాబట్టి ఎవరి సరుకు ఎవరిదో బొమ్మను బట్టి తెలుసుకోవాలని పెద్దలు పెట్టిన పద్ధతి.

తాళంచెవి గుర్తు అంగడి పెద్దది. దాని పక్కన చిన్న గది, తలుపు మీద ఏ బొమ్మా లేదు. లోపల రైల్లో చూసిన ఆకుపచ్చ చీర ఆవిడ. నా పెట్టె తెరిచి ఉంది. చెక్కలన్నీ బండ మీద బారుగా పరిచి ఉన్నాయి.

"పెట్టె నీదేనా సారూ? ఇయ్యన్ని ఉల్టా ఉన్నయేంది? అద్దంల మొకం జూసుకున్నట్టు."

"అచ్చు వేస్తే సరిగ్గా వస్తాయమ్మా. ముందు పెట్టె మూయండి."

"మూస్త. గని ఒక మాటిని పో" అని, జలీల్ సాబ్ పెట్టిన అచ్చు కాగితం పైకి తీసింది. "నేను మూడో జమాత్ దాక సదివిన. సన్నక్షరాలు నా కండ్లకు ఆనవు. గియ్యి గడప అవుతలికెల్లి గూడ ఆనుతున్నయి. నా బస్తాల మీద నా పేరు గిట్ల గొట్టియ్యాలె. రేపు పొద్దుగాల బండి."

ఆవిడ పేరు శరణమ్మ. నీళ్ళు ఇచ్చి, కూర్చోబెట్టి, నాది ఏ ఊరో అడిగి, తన సంగతి చెప్పింది. భర్త, ఆయన అన్న మల్లప్ప కలిసి తాళంచెవి గుర్తు మీద కందుల వ్యాపారం చేసేవారు. భర్త పోయాడు. అంగడి పంచుకున్నారు, గుర్తు మాత్రం పెద్దాయన దగ్గరే ఉండిపోయింది. ఈవిడ పెద్దేముల్ వైపు ఊళ్ళు తిరిగి, గింజ గింజ చూసి కొన్న మంచి కందులు కూడా తాళంచెవి బస్తాల్లోనే వెళ్తున్నాయి. అవతల దించుకునేవాళ్ళకి అన్నీ మల్లప్ప సరుకే. కొత్త బొమ్మ పెట్టుకుందామంటే గంజు, అంటే ధాన్యం బజారు, పెద్దలు ఒప్పుకోవాలి, ఆ పెద్దలు మల్లప్ప మాట వింటారు. పేరు కొట్టించుకోవడానికి మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు.

"మీ బెజవాడ పప్పుమిల్లాయన వచ్చి నా కందులు జూసిండు. 'వేరే గుర్తుతోని పంపు, నీతోనే బేరం జేస్త' అన్నడు. రేపు పోయే బస్తాలు మల్ల తాళంచెవి అని పోతె నా దుకానం లేనట్టే. నేను మల్ల బావ ఇంట్ల పొయ్యి కాడికే పోవాలె."

అంత మాట చెబుతూ కూడా ఆవిడ కళ్ళు నా కాగితం మీదే ఉన్నాయి. చిత్రిక గురించి నేను పడుతున్న బాధ నాకే కొంచెం చిన్నగా కనిపించింది.

రేకు మీద

బస్తా మీద ముద్ర వేయడానికి కిరసనాయిలు డబ్బా రేకు చదును చేసి, బొమ్మ ఆకారంలో కత్తిరిస్తారు. రేకును బస్తా మీద పరిచి ఆముదంలో కలిపిన మసిని గుడ్డతో అద్దితే కత్తిరించిన చోట ముద్ర పడుతుంది. ఆ పని ఊళ్ళో సత్తార్‌ది. "తాండూర్‌ల తేలు గూడ నేను గోస్తె నడుస్తది సాబ్" అని తన గొప్ప తనే చెప్పుకుంటాడు. బొమ్మలు తప్ప అక్షరం ఎన్నడూ కోయలేదు.

నేను రేకు మీద వృత్తలేఖినితో శ, ర, ణ, మ గీశాను. మ కింద వత్తు పెట్టాను. మధ్యాహ్నపు నిద్ర ఇంకా ఒంట్లో ఉందేమో, చెయ్యి తనంతట తానే తిరిగింది. అంత చక్కటి సున్నా ఎప్పుడూ గీయలేదు. సత్తార్ ముందు ర అందుకున్నాడు. ఉలితో బయటి చుట్టు కొట్టాడు, లోపలి చుట్టు కొట్టాడు. టంగుమని మధ్యలో బిళ్ళ ఊడి బండ మీద పడి దొర్లుకుంటూ గడప దాటింది.

ముగ్గురం రేకు వైపు చూశాం. ర లేదు. రొట్టె అంత కన్నం ఉంది.

"అరె! మీ అక్షరం భాగ్ గయా సాబ్" అన్నాడు సత్తార్.

తప్పు నాదే. కాగితం మీద గుండ్రం మధ్య ఖాళీ దానంతట అది నిలబడుతుంది. రేకులో దానికి ఆధారం ఉండాలి కదా! పైనా కిందా సన్నటి పట్టీ వదిలితే బిళ్ళ నిలుస్తుంది. కానీ అలా చేస్తే ముద్రలో నా గుండ్రం రెండు ముక్కలవుతుంది. నేను ఒప్పుకోలేదు. గుండ్రం తెగితే అది నిండు అక్షరం ఎలా అవుతుందని వాదించాను. తీగె కట్టి నిలబెడదామన్నాను, అతికిద్దామన్నాను, చివరికి ఊళ్ళో వేరే రేకుపనివాడు లేడా అని కూడా అడిగాను. సత్తార్ ఉలి కింద పెట్టి బీడీ వెలిగించాడు.

శరణమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "నీ సున్న తెగుతదని నువ్వు ఏడుస్తున్నవ్. నా దుకానం పోతదని నేను ఏడుస్తున్న. ఎవల ఏడుపు పెద్దదో నువ్వే చెప్పు సారూ."

ఇంకో రేకు అడిగాను.

ఈసారి అక్షరాలన్నిటికీ ఒకటే నిలువు గీత మీద పడేటట్టు సందులు వదిలాను. ర కి పైనా కిందా, మ కంటికి ఒక పక్కన. సత్తార్ కోశాడు. ఏ బిళ్ళా ఊడలేదు. గోనె మీద రేకు పరిచి శరణమ్మే మసి అద్దింది. గోనె మా కాగితం కంటే ఎంతో గరుకు. సన్నటి గీతలైతే నారపోగుల మధ్య ఎక్కడో పోయేవి. లావు గీత కావడంతో నల్లగా, గట్టిగా పట్టుకుంది. సందులున్న చోట గోనె రంగు లోపలికి నడిచి వచ్చి, కళ్ళన్నీ తెరుచుకుని ఉన్నాయి. జలీల్ సాబ్ అన్న ఊపిరి ఇదేనేమో అనిపించి నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. ఇప్పుడు మా కార్ఖానాలో చెక్కుతున్న వరసలో ఆ సందులు ఉన్నాయి. యజమాని వాటిని తన ఆలోచనే అని చెప్పుకుంటున్నాడు, పోనీలెండి.

నాలుగు బస్తాలకు అద్దేసరికి మల్లప్ప వచ్చాడు. తెల్లటి రుమాలు, చేతిలో కర్ర. వాళ్ళలో బావ, మరదలు ఎదురుగా మాట్లాడుకోరు. ఆయన నా వైపు తిరిగి అన్నాడు. "సారూ, ఆమెకు చెప్పుండ్రి. రేపు షెడ్డుల హమాలీలు బస్తా బస్తాకు గుర్తు పిలుస్తరు. బొమ్మ అయితె బొమ్మ పేరు పిలుస్తరు. ఇంటి కోడలు పేరు పది మంది మగోళ్ళు ఒర్లుడేంది? మా ఇంట్ల ఆడోళ్ళ పేరు గడప దాటలేదు."

ఆవిడ సత్తార్ వైపు తిరిగింది. "సత్తార్ భాయ్, బావకు చెప్పు. పేరు పెట్టింది పిలువనీకే. పెండ్లయినకాడికెల్లి తాళంచెవోళ్ళ చిన్న కోడలా అంటరు, నా పేరు నాకే యాదికొస్తలేదు."

నేనూ సత్తారూ మధ్యలో తంతి తీగెల్లా నిలబడ్డాం. మల్లప్ప ముద్ర వేసిన బస్తా దగ్గరికి వెళ్ళి కాసేపు చూశాడు. కోపమే కాదు, భయం కూడా ఉంది ఆ ముఖంలో. "నర్సింలు పిలువడు. ముప్పయ్యేండ్ల సంది నా ఉప్పు తింటుండు" అని నాకు చెప్పి వెళ్ళిపోయాడు.

నర్సింలు ఎవరని అడిగాను. హమాలీల పెద్ద అట. షెడ్డులో గూడ్సు బాబు కిటికీ లోపల కూర్చుని, బస్తాల వైపు చూడకుండా, నర్సింలు పిలిచింది పిలిచినట్టు రశీదులో రాసుకుంటాడు. బస్తా మీద ఏముందో దానికంటే నర్సింలు నోట ఏం వచ్చిందో అదే లెక్క.

"మరి ఆయన తాళంచెవి అనేస్తే?" అన్నాను.

శరణమ్మ మిగిలిన బస్తాలకు అద్దుతూ పోయింది.

గూడ్సు షెడ్డు

పొద్దున మళ్ళీ మంచు. రాతి షెడ్డు లోపల కందుల దుమ్ము, తియ్యటి వాసన. వ్యాగను తలుపు తెరిచి, ప్లాట్‌ఫారం నుంచి లోపలికి పలక వేశారు. పలక మొదట్లో నర్సింలు నిలబడ్డాడు. నెరిసిన మీసం, భుజాన గోనెపట్టా. ఒక్కొక్క బస్తా తన ముందు నుంచి వెళ్తుంటే దాని మీద చెయ్యి వేసి, పాటలాగా సాగదీసి పిలుస్తాడు. మోసేవాళ్ళంతా అదే మాట తిరిగి అంటారు. మా రేవులో బస్తా మోసేవాళ్ళు ఊరికే హైలెస్సా అంటారు, ఇక్కడ సరుకు పేరే పాట.

ముందు మల్లప్ప సరుకు ఎక్కింది. "తాళంచెవీ..." అని ఆయన, "తాళంచెవీ..." అని వాళ్ళు. మంచులో ఆ గొంతులు వింటుంటే నాకు మళ్ళీ నిద్ర పట్టేటట్టుంది. మల్లప్ప కాటా పక్కన బస్తా మీద కూర్చుని వింటున్నాడు.

అది అయిపోయింది. శరణమ్మ బస్తాల వంతు వచ్చింది. షెడ్డు మూలన మసకగా ఉంది, అంత మసకలోనూ అక్షరాలు ఆ చివర నుంచి కనిపిస్తున్నాయి. మొదటి బస్తా లేచింది. నర్సింలు దాని మీద చెయ్యి వేశాడు.

"తాళం..."

"ఆగు కాకా" అంది శరణమ్మ. "నీ చెయ్యి కింద ముద్ర నువ్వే చూడు. అండ్ల తాళంచెవి ఉన్నదా?"

నర్సింలు చెయ్యి తీయలేదు. ముద్ర చూశాడు, మల్లప్ప వైపు చూశాడు. మల్లప్ప కర్ర మీద గడ్డం ఆనించి నేల చూస్తున్నాడు. బస్తా మోస్తున్నవాడి మెడ నరాలు ఉబ్బుతున్నాయి.

"లేదు చిన్నమ్మా. గని... నీ పేరు నా నోట్లకెల్లి ఎట్లొస్తది? పెద్ద సావుకారి ముంగట..."

కిటికీ లోపల నుంచి గూడ్సు బాబు తల ఎత్తకుండా అరిచాడు. "ఏం గుర్తు? ఏం రాయాలె?"

నర్సింలు రెండో చేత్తో భుజాన గోనెపట్టా లాగి ముఖం తుడుచుకున్నాడు. అసలే ముసలివాడు, చెమట్లు పట్టాయి. ఆయన్ని చూసి నాకు జాలి వేసింది, ఆవిడను చూసి భయం వేసింది. ఇంకొక్క క్షణం ఆగితే ఎవరో ఒకరు అలవాటు కొద్దీ తాళంచెవి అనేస్తారు, బాబు రాసేస్తాడు, బండి కదిలిపోతుంది. నేను నోరు తెరిచాను కూడా. కానీ పేరు నాది కాదు, షెడ్డు నాది కాదు.

శరణమ్మ కొంగు నడుముకి దోపుకుంది. పలక ఎక్కి నర్సింలు పక్కన నిలబడి, ఆయన చెయ్యి వేసిన బస్తా మీదే తన చెయ్యి వేసింది. తల పైకెత్తి, అచ్చం ఆయన సాగదీసినట్టే, అదే వరసలో పిలిచింది.

"శరణమ్మా..."

మంచులో ఎక్కడో ఇంజను ఆవిరి వదులుతోంది. ఆవిడ ముఖం ఎర్రబడింది, అయినా చెయ్యి తీయలేదు. మళ్ళీ పిలిచింది, ఇంకా గట్టిగా.

"శరణమ్మా..."

బస్తా మోస్తున్నవాడు, బరువుకే అన్నాడో, అలవాటుకే అన్నాడో, "శరణమ్మా..." అని అందుకుని పలక మీదికి నడిచాడు. వెనకవాడు అన్నాడు. వాడి వెనకవాడు అన్నాడు.

"శరణమ్మ" అని లోపల బాబు పైకి అనుకుంటూ రాసుకున్నాడు.

రెండో బస్తాకి నర్సింలు గొంతు సవరించుకుని తనే అందుకున్నాడు. మల్లప్ప లేచి రుమాలు దులుపుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆవిడ పలక దిగి, గోడకి ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. బస్తాలన్నీ ఎక్కేదాకా నేను నా అక్షరాల వైపు చూడనే లేదు, ఆ పేరు వింటూ అక్కడే నిలబడిపోయాను.